నలభయ్యో గీత

"బెల్టు కట్టినంక లేవొద్దు చాచా. వీడియో ఏడు నిమిషాలే. చూసి పోండ్రి," అంది దేవిక.

"అజాన్ అయింది మేడమ్. నమాజు నా కోసం ఆగదు, మీ వీడియో ఆగుతది. ఇట్ల పోయి అట్ల వస్త," అంటూ వాహెద్ లేచాడు. మణికట్టుకు కట్టిన బెల్టుతోనే మెట్లు దిగిపోయాడు.

దేవికకు ఒళ్లు మండింది. సాయంత్రం ఆరింటికల్లా నలభై మంది వివరాలు యూనివర్సిటీలో గైడ్‌కు పంపాలి. ముప్పై తొమ్మిది మంది అయ్యారు. నలభయ్యో మనిషిగా దొరికింది మెదక్ బస్టాండు ఎదుట గడియారాలు బాగుచేసే ఈ వాహెద్. గైడ్ ఇప్పటికే రెండుసార్లు ఫోన్ చేశాడు. ఆమె అద్దె గదిలో ఆ గోడ నుంచి ఈ గోడకు తిరిగింది. కిటికీలోంచి కిందికి చూసింది. టైము చూసి మళ్లీ తిరిగింది.

మనిషి పేరునూ వేషాన్నీ చూసి ముందే ఒక ముద్ర వేసేయకండి అని బుద్ధి చెప్పే వీడియోలు ఫోన్లలో బోలెడు తిరుగుతున్నాయి. అవి చూస్తే జనానికి సిగ్గేస్తుందా, కోపమొస్తుందా, అసలేమీ అనిపించదా? అదీ దేవిక పరిశోధన. నోటితో అడిగితే అందరూ మంచివాళ్లే కాబట్టి చేతికి బెల్టు కడుతుంది. బెల్టు కింద పచ్చ లైటు వెలుగుతూ నాడిని లెక్కపెడుతుంటే ట్యాబ్‌లో గీత కదులుతుంది. మనసు అదుపు తప్పితే గీత ఎర్రబడుతుంది. బెల్టంటే జడుసుకునేవాళ్లకు దేవిక ముందు తన చేతికున్న బెల్టు చూపించి, ట్యాబ్‌లో తన గీత చూపిస్తుంది. తర్వాత వాళ్లకు కట్టగానే ట్యాబ్ వాళ్ల గీతను అందుకుంటుంది; వాళ్లది తీసేస్తే మళ్లీ తన గీతకే వస్తుంది.

పావుగంటకు వాహెద్ తిరిగొచ్చాడు. గడ్డం ఇంకా తడిగా ఉంది. ఇందాక లేని టోపీ తలమీద ఉంది. చొక్కా చేతులకు గుండీలు పెట్టి ఉన్నాయి. అతను కుర్చీ లాక్కుని దేవిక పక్కన కూర్చున్నాడు. ఇద్దరి మధ్య బల్ల మీదున్న తన బ్యాగును దేవిక తీసి ఒళ్లో పెట్టుకుంది. వీడియో నొక్కింది.

వీడియోలో ఒక షేర్ ఆటో. అందులో ఒక అమ్మాయి. గడ్డం, టోపీ ఉన్న పెద్దమనిషి ఎక్కి పక్కన కూర్చున్నాడు. ఆ అమ్మాయి గబుక్కున బ్యాగు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"ఆమె ఎందుకలా చేసింది? ఒక్క క్షణం ఆలోచించండి," అంది వీడియోలోని గొంతు.

ట్యాబ్‌లో గీత ఒక్కసారిగా ఎర్రబడి పైకి లేచింది.

"కోపమొచ్చిందా చాచా?"

"నాకా? లేదు బిడ్డా. గిట్లాంటియి రోజు చూస్త. నవ్వొస్తది."

నిజంగానే నవ్వుతున్నాడు. కానీ గీత దిగడం లేదు. దేవికకు చిరాకు పెరిగింది. గీత ఇంకాస్త పైకి పోయింది.

"పైకి అట్లనే అంటరు. లోపల వేరే ఉంటది. మిషన్ అబద్ధం చెప్పదు చాచా," అంటూ ఆమె రాసుకోసాగింది.

"ఏమని రాస్తున్నరు?"

"పైకి నవ్వు, లోపల తీవ్రమైన కోపం అని."

వాహెద్ నవ్వు ఆగిపోయింది. "అట్ల రాయకుండ్రి బిడ్డా. టోపీ కనవడంగనే వీడు కోపిష్టోడు అనుకునేటోళ్లు ముందే శానమంది ఉన్నరు. మీ కాయితం గూడ గదే చెప్తే మేమింక ఎవరికి చెప్పుకోవాలె? ముప్పై ఏండ్ల నుంచి దుకాణంల ఒక్కని మీద గొంతు లేపలే నేను."

"మీ పేరు ఉండదు చాచా. నలభై అని నంబరే ఉంటది."

"నంబరైనా గది నేనే గద."

దేవిక ట్యాబ్ వైపు తిరిగింది. అతని మొహం చూడటానికి మనసొప్పలేదు. అంతలో గైడ్ ఫోన్.

"అయింది సార్. నలభయ్యో ఆయనది అందరికంటే ఎక్కువొచ్చింది," అంది. అవతల ఆయన సంబరపడిపోయి వెంటనే పంపమన్నాడు. ఆమె ట్యాబ్‌లో పంపే బటన్ నొక్కింది. నలభై మంది వివరాలూ వెళ్లిపోయాయి.

"ఇగ బెల్టు తీసియ్యండ్రి," అంది ట్యాబ్ వంకే చూస్తూ.

వాహెద్ చొక్కా చేతి గుండీ విప్పాడు. మణికట్టు బోసిగా ఉంది. నాలుక కరుచుకుని జేబులో చేయి పెట్టాడు.

"అయ్యో, నమాజుకు ముందు వజూ చేసి చేతులు కడుక్కునేటప్పుడు తీసి జేబుల ఏసుకున్న. మల్ల పెట్టుకునుడు యాది మరిసిన. ఊరందరి గడియారాలు బాగుచేసుడే గాని, నా చేతికేదీ పెట్టుకునే అలవాటు లేకపాయె."

బెల్టు బల్ల మీద పెట్టాడు. దాని లైటు ఆరిపోయి ఉంది. ట్యాబ్‌లో గీత మాత్రం ఎర్రగా ఎగురుతూనే ఉంది.

"మరి గిది ఎవరిది బిడ్డా?"

ఒళ్లోని బ్యాగును గట్టిగా పట్టుకున్న దేవిక మణికట్టు మీద, బెల్టు కింద నుంచి పచ్చ లైటు మిణుకుమిణుకుమంటోంది.