బండిలో మిగిలిన బరువు

ముసలాయన కాఫీ తాగకుండా కప్పు కింద పెట్టాడు.

గుడారంలో మాటలు ఆగిపోయాయి.

కప్పు తాగకుండా పెడితే అతిథికి ఏదో కోరిక ఉన్నట్టు. అదేమిటో వినకముందే ఇంటాయన సరేననాలి. ఒంటెనడిగినా ఇవ్వాల్సిందే. కాదంటే లివా ఎడారిలో ఆ ఇంటి పరువు దక్కదు.

"తాగండి పెద్దయ్యా. మీరేమడిగినా ఇచ్చినట్టే," అన్నాడు మత్తర్, లోపల గుబులుగానే.

ముసలాయన నిన్న మధ్యాహ్నం ఖాళీ పికప్ వేసుకుని వచ్చాడు. ఎవరో, ఎందుకొచ్చాడో తెలియదు. మూడు రోజుల దాకా అతిథిని పేరడగరు, పని అడగరు. మత్తర్ స్వయంగా కాచిన కాఫీ తాగి, "ఏలకులు కాస్త ఎక్కువయ్యాయి నాయనా," అని మాత్రం అన్నాడు.

ఆ మాట మత్తర్‌కి ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

"తాగేది మన కాఫీ, పైగా వంకలు కూడానా!" అని రాత్రంతా తమ్ముడి దగ్గర గొణిగాడు.

తమ్ముడు ఘానిమ్‌కి ఆ గొడవ పట్టలేదు. పాతికేళ్ల ఘానిమ్ ప్రాణమంతా బయట నిలబెట్టిన బండి మీదే ఉంది.

నాలుగు చక్రాల పాత ఇసుక బండి. రెండు స్ట్రోకుల ఇంజను. ఎక్కడో తుప్పు పట్టి పడున్నదాన్ని తెచ్చి మనిషిని చేశాడు. సిలిండర్లు తొలిపించాడు, పొగగొట్టాలు మార్చాడు, వెనక ఇసుకను తోసే తెడ్లలాంటి పట్టీలున్న టైర్లు బిగించాడు. ఇసుకలో తిరిగొచ్చిన ప్రతిసారీ గాలి ఫిల్టరు కడిగి నూనె పట్టిస్తాడు, పసిబిడ్డకు తలంటినట్టు.

అయినా ఏటా దిబ్బ ఎక్కే పోటీలో, హుమైర్ అనే పెద్ద ఇసుక దిబ్బ ముందు తలవంపులే. మూడొంతులు ఉరికి, అక్కడ చతికిలబడుతుంది.

ఆ ఇంజనుది ఒకటే బుద్ధి. గొంతు చించుకుని అరుస్తున్నంతసేపే బలం. అరుపు తగ్గిందా, అంతే సంగతులు.

అందుకని బరువు తగ్గించారు. లైట్లు పీకారు. బంపరు పీకారు. సీటులో స్పాంజి సగం కోసేశారు. ట్యాంకులో పెట్రోలు గ్లాసుల లెక్కన పోశారు.

"ఇదే ఆఖరు," అని మత్తర్ పొద్దున్నే అందరి ముందూ తేల్చేశాడు. "ఇవాళ ఎక్కకపోతే ఇచ్చేస్తా. అల్ ఐన్‌లో ఎవరో కొంటామన్నారట, మా బాబాయి కొడుకు మాట్లాడిపెట్టాడు. ఈ నవ్వులపాటు ఇంక నావల్ల కాదు."

అన్నకు ఎదురు చెప్పే అలవాటు ఆ ఇంట్లో లేదు. ఘానిమ్ వెళ్లి ట్యాంకు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఇప్పుడూ అక్కడే ఉన్నాడు.

ముసలాయన బండి వైపు చూశాడు. ఘానిమ్ వైపు చూశాడు. ఏదో అనబోయి ఆగాడు.

"ఇవాళ బండి నీ తమ్ముడు నడపాలి," అన్నాడు.

మత్తర్ మొహం మాడిపోయింది. "అది పెద్దవాడి హక్కు పెద్దయ్యా! నాలుగేళ్లుగా నేనే నడుపుతున్నా."

"నిజమే నాయనా. కానీ సీటు స్పాంజితో సహా అన్నీ పీకేశారు. ఇంకా దింపాల్సిన బరువు ఒక్కటే కనిపిస్తోంది."

ఆయన చూపు మత్తర్ పొట్ట మీద ఆగింది.

గుడారమంతా గొల్లున నవ్వింది. నాలుగేళ్లుగా అందరి గొంతుల్లో అడ్డుపడిన మాట అదే. మత్తర్ నూటపాతిక కిలోల మనిషి. ఘానిమ్ తడిబట్టలతో తూచినా అందులో సగం ఉండడు.

ఇచ్చిన మాట మింగలేక, "తాగండి," అన్నాడు మత్తర్ పళ్లు కొరుకుతూ.

ముసలాయన హాయిగా తాగాడు.

సాయంత్రం దిబ్బ కింద జనం పోగయ్యారు.

"ఏం మత్తర్, ఏటా దారిలో ఆగేవాడివి, ఇవాళ కిందే ఆగిపోయావేం?" అని పక్క గుడారంవాళ్లు వేళాకోళమాడారు.

ఘానిమ్ ప్లగ్ తీసి చూశాడు. కాల్చిన రొట్టె రంగు. ఇంజను ఆరోగ్యంగానే ఉంది. ప్లగ్ బిగించి కిక్ కొట్టాడు.

పొగగొట్టాలు రెండూ కీచుమన్నాయి. తెడ్లు ఇసుకను వెనక్కి ఎగజిమ్మాయి. సగం ఎత్తు. మూడొంతులు. ఏటా ప్రాణం విడిచే చోటు రానే వచ్చింది.

మత్తర్ దిబ్బ వైపు రెండడుగులు వేశాడు.

అరుపు తగ్గలేదు. ఇంకా పైకి లేచింది. బండి అంచు దాటి, వెనక కర్రకు కట్టిన జెండా రెపరెపలాడుతుండగా, హుమైర్ నెత్తి మీద నిలబడింది.

కింద కార్ల హారన్లన్నీ ఒక్కసారి మోగాయి.

"నా తమ్ముడు! నా తమ్ముడురా!" అని అరుస్తూ మత్తర్ చెప్పులు ఊడిపోయినా ఆగకుండా దిబ్బకు అడ్డంపడి పరిగెత్తాడు. పడ్డాడు, లేచాడు, ఏడుస్తూ నవ్వాడు. కిందికి దిగిన ఘానిమ్‌ని భుజాల మీద కూర్చోబెట్టుకుని గుడారం దాకా మోసుకొచ్చాడు. నూటపాతిక కిలోలు ఆ పూట పనికొచ్చాయి.

"పెద్దయ్యా! ఎక్కేసింది పెద్దయ్యా!"

గుడారంలో ఎవరూ లేరు. బయట పికప్ కూడా లేదు.

"అయ్యో, పేరన్నా తెలియదే," అన్నాడు ఘానిమ్.

మత్తర్‌కి మనసు చివుక్కుమంది. ఆయన్ని ఎన్ని మాటలన్నాడు! కనీసం ఈ పూట భోజనం పెట్టి పంపినా బాగుండేది.

సరే, ముందు ఆ బేరం సంగతి తేల్చాలి. బాబాయి కొడుకు ఇచ్చిన నంబరుకి మొదటిసారి ఫోన్ చేశాడు.

"అయ్యా, ఏమీ అనుకోవద్దు. మా బండి దిబ్బ ఎక్కింది. ఇంక అమ్మేది లేదు."

అవతల ఏదో వాహనం నడుస్తున్న చప్పుడు. ఆ వెనకే చిన్న నవ్వు.

"చూశాను నాయనా. నేను కప్పు కింద పెట్టింది ఆ బండిని అడుగుదామనే. ఈసారి వచ్చేసరికి మాత్రం ఏలకులు కాస్త తగ్గించు."