బాల్కనీ కింద

బస్సు దిగినప్పటి నుంచీ ఒడాలిస్‌కు గుండెదడ తగ్గలేదు.

"పాత హవానాలో కొత్తవాళ్ళని ఇట్టే పసిగడతారే. సంచీ, పిల్లా రెండూ జాగ్రత్త" అని సొంతూరు బయామోలో అక్క నూరిపోసి మరీ పంపింది.

అందుకే కూతురు ఇసెల్ చెయ్యి వదలకుండా గోడవారనే నడుస్తోంది. వారంగా పట్టిన ముసురు ఆ పొద్దునే వెలిసి, ఎండ చుర్రుమంటోంది. ఊళ్ళోవాళ్ళంతా నడిరోడ్డు మీదే పోతున్నారు. ఎందుకని అడగడానికి కూడా ఆమెకు భయమే.

ఇసెల్ చేతిలోని వేరుశనగల పొట్లం జారింది. పిల్ల అక్కడే చతికిలబడి గింజలు ఏరసాగింది.

"వదిలెయ్, పోదాం పద."

"ఇంకా ఉన్నాయమ్మా."

పైనుంచి బకెట్టెడు నీళ్ళు ఇద్దరి మీదా పడ్డాయి.

ఒడాలిస్ తలెత్తింది. బాల్కనీలో గడ్డం మాసిన మనిషి ఒకడు ఖాళీ బకెట్ పట్టుకుని గుడ్లురుముతున్నాడు.

"కళ్ళు కనపడట్లేదా నీకు? పిల్ల ఉంది ఇక్కడ."

అతను బదులివ్వలేదు. రెండు చేతులూ పిచ్చిగా ఊపాడు.

"అమ్మా, కొడతాడా?" ఇసెల్ ఏడుపు మొదలెట్టింది.

సరిగ్గా బాల్కనీ కిందకి జరిగితే నీళ్ళు పడవనుకుని, ఒడాలిస్ పిల్లను గోడకు అదుముకుంది.

ఈసారి బకెట్టే వచ్చింది. సరుకులు పైకి లాక్కునే తాడుకు కట్టి విసిరాడు. అది ఊగుతూ వచ్చి ఇసెల్ చెవి పక్కనే గోడకు ఠంగున కొట్టుకుంది.

వీడు చంపేసేలా ఉన్నాడనుకుని ఒడాలిస్ పిల్లను చంకనేసుకుని నడిరోడ్డుకు ఉరికింది.

"నీ చేతులు పడిపోను" అని తిట్టింది.

పెళపెళమని చప్పుడు. బాల్కనీ, దానిమీది మనిషి, సగం గోడ కలిసి వాళ్ళు నిలబడ్డ చోటే కూలాయి.

జనం ఉత్త చేతులతో రాళ్ళు తీసి, శవాన్ని పక్కన పడుకోబెట్టి దుప్పటి కప్పారు.

ఆ ఇంట్లోనే ఉండే ముసలామె మిగ్దాలియా ఇసెల్ ముఖం మీది దుమ్ము తుడిచింది.

"వాన వెలిసి ఎండ కాస్తేనే ఈ ఇళ్ళు కూలేది, తల్లీ. గోడ పగిలిన చప్పుడుకి మేమంతా వెనక మెట్లు దిగిపోయాం. మా ఎవెలియో కూడా దిగాల్సినవాడే. కింద నీ పిల్లని చూసి ఆగిపోయాడు."

ఒడాలిస్‌కు తన తిట్టే చెవుల్లో వినిపిస్తోంది.

"ఒక్క కేక వేస్తే తప్పుకునేదాన్ని కదమ్మా. అంతసేపూ నోరు విప్పలేదేం?"

"ఎట్లా విప్పుతాడే, వాడు పుట్టుమూగ."