చిప్పల మేస్త్రి

మూడు పునాదులు తవ్వారు. ఎక్కడా ఒక్క పగులూ కనిపించలేదు. ఇక మిగిలింది నాలుగోది.

"ఇదీ తవ్వించండి మేడమ్," అన్నాడు చిప్పల మేస్త్రి.

పన్నెండు రోజుల క్రితం ఆ ఇసుక నేల మీద రెండంతస్తుల హాస్టల్ కుప్పకూలింది. తొమ్మిది మంది పోయారు. తప్పు పునాది వేసిన మేస్త్రిదా, పైన కట్టిన మేస్త్రిదా? పై మేస్త్రిని ఆ రోజే లాకప్పులో వేశారు. పునాదులు తవ్వి తేల్చమని అర్జీ పెట్టుకున్నది మాత్రం చిప్పల మేస్త్రే. "తప్పు నాదైతే నన్ను కట్టేసి తీసుకుపోండి," అని పదిమందిలో అన్నాడు. పన్నెండు రోజులుగా ఆయన ఇంట్లో పొయ్యి వెలగలేదు.

ఆ పేరు ఆయనకు ఊరికే రాలేదు. గోతిలో ఇసుకను కుప్పగా మలిచి, తాపీతో నున్నగా దిద్ది, ఇనుప వల పరిచి, పైన నాలుగు వేళ్ళ మందాన కాంక్రీటు మెత్తుతాడు. చూడ్డానికి బోర్లించిన కొబ్బరిచిప్పలా ఉంటుంది. దాని కింద చిక్కిన ఇసుక ఎటూ జారిపోదు. ముప్పై ఏళ్ళుగా ఆయన చిప్పల మీద లేచిన ఇల్లు ఒక్కటీ ఒరగలేదు.

"చిప్పలు కట్టినోడికి ఇక చిప్పకూడే గతి," అని కూలీలు చాటుగా నవ్వుకుంటున్నారు. ఆయనకు వినబడింది.

విచారణకు వచ్చిన ఇంజనీరమ్మ గోతిలోకి దిగింది. వెనకే మేస్త్రీ దిగాడు. పార వద్దని, చేతులతోనే ఇసుక తోడాడు. గోళ్ళ సందుల్లో నెత్తురు చిమ్మింది.

"సిమెంటు ఏమైనా తగ్గించారా?" అడిగిందామె.

"తగ్గించే ఉంటాను మేడమ్. పెద్దవాణ్ణి, చెయ్యి పట్టు తప్పింది."

"భయంతో నోటికొచ్చింది చెప్పకండి."

సుత్తితో కొట్టింది. చిప్ప ఖంగుమంది. నీళ్ళు చల్లి, గుడ్డతో తుడిచి, అంచు పొడవునా టార్చి వేసి చూసింది. వెంట్రుకవాసి చీలిక కూడా లేదు.

"ఇంకొక్కసారి చూడండి తల్లీ. ఆ మూల సరిగా చూడలేదు మీరు. దణ్ణం పెడతాను."

చూసింది. అక్కడా లేదు.

గట్టు మీద నుంచి మేస్త్రి భార్య వంగి అడిగింది: "ఏమయ్యా, ఉందా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆమె నిలుచున్నచోటే కూలబడింది.

"లేవండి పెద్దాయనా," అంది ఇంజనీరమ్మ. "ఇంత మంచి పని నా సర్వీసులో చూడలేదు. తప్పంతా పైన కట్టినవాడిదే. రిపోర్టులో అదే రాస్తాను. వాడిక ఈ జన్మకి బయటికి రాడు. మీరు ఇంటికెళ్ళి నిశ్చింతగా పడుకోండి."

మేస్త్రి ఆ చిప్పకు నుదురు ఆనించి బావురుమన్నాడు.

"పాపం, సంతోషం పట్టలేకపోతున్నాడు," అన్నాడు గట్టు మీది కానిస్టేబుల్.

ఆ పునాదుల మీద రెండంతస్తులూ కట్టింది మేస్త్రి కొడుకే.