పేరు చెప్పాలి

పదహారో రోజు కర్మ ముగిసిన మర్నాడే పంచవర్ణం ధర్మపురి బస్సెక్కింది. మాజీ సైనికుల ఆఫీసులో, అంత్యక్రియల సాయం అడిగే కాగితం పట్టుకుని ఒక్కతే నిలబడింది.

“మీ ఇంటాయన పేరు చెప్పమ్మా,” అన్నాడు గుమాస్తా. ఆయనా పాత హవల్దారే. ఊరు తమిళనాడైనా ఇంట్లో తెలుగే.

ఆమె భర్త డిశ్చార్జి పుస్తకం ముందుకు తోసింది.

“దీంట్లో ఉండాది, చదివినాను. అయినా నీ నోటితో చెప్పల్ల. అది రూలు.”

ఆమె మిలిటరీ నంబరు చెప్పింది. పదిహేడేళ్లు ఉత్తరాల మీద రాయించిన నంబరు. ఒక్క అంకె కూడా తడబడలేదు.

గుమాస్తా పెన్ను కింద పెట్టాడు. “మొగుని పేరు చెప్తే ఆయుస్సు తగ్గుతుందని మా అమ్మ గూడా చెప్పేది కాదు. ఇంక ఆయనే లేడు గదమ్మా. దేనికి భయం?”

“భయం లేదు సార్.” ఆమె గోడ మీది క్యాలెండరునే చూస్తోంది. కళ్లలో తడి లేదు. “ఆ పొద్దు ఆయన సేలం రోడ్డు దాటతా ఉండారు. పక్కనించి లారీ వచ్చె. ‘ఏమండీ, ఏమండీ’ అని అరిస్తిని. రోడ్డులో ఉండే మొగోళ్లంతా తిరిగి చూసిరి. ఆయన మటుకు చూడలేదు.”

గుమాస్తా మళ్లీ పెన్ను తీసుకున్నాడు.

“గోపాలసామి,” అంది పంచవర్ణం, రోడ్డు అవతలికి వినబడేంత గట్టిగా.