లోపం ఆమెది కాదు

వస్తాదు తొడకు సూది గుచ్చుకోబోతుండగా ఎవరో మణికట్టు పట్టుకున్నారు.

తలెత్తి చూశాడు. ఆ జిమ్‌లో ఎప్పుడూ కనబడని పెద్దాయన.

"ఎంత బరువైనా ఎత్తు బాబూ. ఈ మందు మాత్రం వద్దు. కండలు పెరుగుతాయి గానీ పిల్లలు పుట్టరు."

జిమ్ అంతా నవ్వింది. వస్తాదుకు తల కొట్టేసినట్టయింది. ఒక్క గుద్దు గుద్దాడు.

పెద్దాయన వెళ్లి బరువుల స్టాండు మీద పడ్డాడు. మూతికంటిన నెత్తురు తుడుచుకుని మెల్లగా లేచాడు.

"నీ భార్యను గొడ్రాలని కొట్టడం మానెయ్యి. లోపం ఆమెది కాదు."

నలుగురిలో ఆ మాటతో వస్తాదుకు ఒళ్లు తెలియలేదు. ఆయన జుట్టు పట్టుకుని తలను ఇనుప కడ్డీకేసి బాదాడు. అందరూ కలిసి లాగితే గానీ వదల్లేదు.

ఆ సాయంత్రం ఇంట్లో భార్య వంతు. ఇంటి గుట్టు ఎవడికి చెప్పావని అడుగుతూ కొట్టాడు. పెదవి చిట్లినా ఆమె నోరు విప్పలేదు.

పెద్దాయన మెట్ల మీంచి జారిపడ్డానని ఆస్పత్రిలో చెప్పాడట. కేసు లేదు.

కానీ ఆ మాట వస్తాదును నిద్రపోనివ్వలేదు. అది అబద్ధమని తేల్చడానికే రోషంగా పరీక్ష చేయించుకున్నాడు.

వీర్యకణాలు ఒక్కటీ లేవు.

వ్యాయామం తప్పు కాదని, మితంగా చేస్తే మేలేనని చెప్పింది డాక్టరమ్మ. బయటి నుంచి హార్మోను ఎక్కిస్తుంటే ఒళ్లు తన పని తాను మానేస్తుందట. సూదులు ఆపితే కోలుకోవచ్చు, కోలుకోకపోనూవచ్చు.

ఆపేశాడు. కండలు కరిగాయి. పోటీలు పోయాయి. భార్య మీద చెయ్యెత్తడమూ మానేశాడు.

ఏడాది తిరిగాక ఆమె నెల తప్పింది.

పెద్దాయన కాళ్లు పట్టుకోవాలనిపించి, అడ్రసు కోసం ఆ ఆస్పత్రికి పరుగెత్తాడు. తల దెబ్బతో మంచం పట్టిన ఆయన మళ్లీ లేవనేలేదని, కిందటి నెల పోయాడని అక్కడివాళ్లు చెప్పారు.

ఇంటికొచ్చి భార్య ముందు కూలబడ్డాడు. మన మంచి కోరిన మనిషిని చేతులారా చంపుకున్నానని ఏడ్చాడు. ఆయనెవరో కూడా తెలియదన్నాడు.

ఆమె అతని కన్నీళ్లు తుడవలేదు.

"ఇష్టంలేక మన పెళ్లికి రాలేదుగా, మీరెప్పుడూ చూడలేదు," అంది, "ఆయన మా నాన్న."