ఆర్మిడేల్‌లో మనవాళ్ళు

"ఇంతకీ అక్కడ మనవాళ్ళు ఎంతమంది ఉన్నారండీ?" అంది గీతాంజలి, ల్యాప్‌టాప్ వంక కన్నెత్తి చూడకుండా.

ఫణికి ఒళ్ళు మండిపోయింది. వారం నుంచీ ఇదే ప్రశ్న! ఇక్కడ అమెరికాలో, ఫ్రిస్కోలో ఉద్యోగం ఊడింది, వీసా గడువు ముంచుకొస్తోంది. ఆస్ట్రేలియాలో ఆర్మిడేల్ అనే చిన్న ఊళ్ళో యూనివర్సిటీ వాళ్ళు లెక్చరర్ ఉద్యోగం ఇస్తామన్నారు. సాయంత్రంలోగా ఔనో కాదో చెప్పాలి. ఈవిడేమో బెట్టు వదలదు.

"చెప్పాగా, పదిహేను కుటుంబాలని!"

"నిన్న పది అన్నారు."

"రోజూ ఎవరో ఒకరు దిగుతున్నారట. తెలుగు సంఘం కూడా పెట్టారు." నోటికొచ్చిన అబద్ధమాడేశాడు ఫణి.

గీతాంజలి మొహం ఇంకాస్త ముడుచుకుంది. "బతుకమ్మ ఆడతారా?"

"ఆడకేం? రెండు చోట్ల!"

"పాట్‌లక్‌లూ? తలో వంటకం మోసుకెళ్ళే విందులు?"

"ప్రతి శనివారం! బర్త్‌డేలు, సీమంతాలు, హాఫ్‌శారీ ఫంక్షన్లు... నీకు పొద్దే తెలీదనుకో."

"ఊహూఁ, నా వల్ల కాదు," అంటూ విసురుగా లేచి వంటింట్లోకి వెళ్ళింది. గిన్నెలు దడదడలాడాయి.

పదిహేను కుటుంబాలు కూడా ఆనలేదన్నమాట! ఫ్రిస్కోలో వీధి వీధంతా మనవాళ్ళేనాయె. ఫణికి ఓపిక చచ్చిపోయింది.

"అన్నీ అబద్ధాలే!" అని అరిచాడు. "ఇంటర్వ్యూకి వెళ్ళి మూడ్రోజులున్నాను. ఒక్క తెలుగు మాట చెవిన పడితే ఒట్టు! ఊరు దాటితే గొర్రెలు, పొద్దుగూకితే చలి. నీ గడప తొక్కేవాడుండడు, నిన్ను పిలిచేవాడుండడు. చాలా? రాకు! నేనూ పోను. ఇద్దరం కలిసి రోడ్డున పడదాం!"

కాదని రాసేద్దామని ల్యాప్‌టాప్ ముందుకు లాక్కున్నాడు. తడిచేతులతోనే పరుగున వచ్చి అతని చెయ్యి పట్టుకుంది గీతాంజలి.

"నిజంగా ఒక్కరూ లేరా?"

"నాకు తెలిసి లేరు."

"శనివారం పొద్దున్నే లేచి నలభైమందికి పులిహోర కలపక్కర్లేదా?"

అక్కర్లేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు ఫణి.

"ఆ ముక్క మొదటే చెప్పి ఏడవచ్చుగా మహానుభావా! ఔనని కొట్టండి త్వరగా, మనవాళ్ళకి తెలిసి వెనకాలే బయల్దేరకముందే!"