ఎర్రలు రాని రోజు

చెరువులో తుంగ గడ్డి దట్టంగా పెరిగింది. ఆ నీడంతా పెద్ద బొచ్చె చేపలే ఆక్రమించుకుని చిన్నవాటిని దగ్గరికి రానిచ్చేవి కావు. కోపమొచ్చి చిన్నవైన పరక చేపలన్నీ ఒక్కటయ్యాయి. "తుంగ పీకేద్దాం!" అంటూ రోజూ సభ పెట్టాయి. సభకొచ్చిన ప్రతి చేపకూ కడుపునిండా ఎర్రలు, అదే వానపాములు, దొరికేవి.

"ఈ ఎర్రలు ఎవరు పెడుతున్నారు నాయనా?" అని ముసలి జెల్ల చేప అడిగింది.

"మనవాళ్లే తలా ఒకటి తెస్తున్నారు అవ్వా," అంది సభ నడిపే పరక.

"ఎర్రలుండేది గట్టు మీద మట్టిలో. మనలో గట్టెక్కినవాళ్లెవరు?"

పరక గట్టు వైపు చూసింది. అక్కడ కొంగ ఓపిగ్గా నిలబడి ఉంది. తుంగ పోతే కొంగకు చిక్కకుండా దాక్కునే చోటు చెరువులో ఎవరికీ ఉండదని పరకకు అప్పుడు తట్టింది.

"అయితే మా కోపం అబద్ధమా?" అంది దిగులుగా.

"కోపం నిజమే. తుంగ ఉండాలి, అందులో మాకూ చోటు కావాలి అని అడిగి చూడు."

మర్నాడు సభలో పరక అలాగే అంది. ఎర్రలు రాలేదు. వందల చేపల్లో పదకొండు తప్ప అన్నీ వెళ్లిపోయాయి. ఆకలితోనే ఆ పదకొండూ వెళ్లి బొచ్చెల ఎదుట నిలబడ్డాయి.

చాలాసేపటికి ఒక బొచ్చె కాస్త పక్కకు జరిగింది.